పటములో పులి బాట

అడవిని కాపాడుట యనగా చెట్టును నరకనీయకుండుటయే యని పలువురు తలతురు. అది సగము మాత్రమే నిజము. ఒక అడవికిని మరియొక అడవికిని నడుమనున్న నేలను ఏమి చేయవలెనన్నది మిగిలిన సగము.

అచ్చంపేట నల్లమలకు ఉత్తరపు వాకిలి. ఈ అరణ్యము 1983లో పులుల సంరక్షణ కేంద్రమైనది. 2014లో రాష్ట్రము విడిపోయిన పిమ్మట కృష్ణకు ఉత్తరమున నున్న భాగము అమ్రాబాదు కేంద్రముగా వేరుపడినది. దాని వైశాల్యము 2,600 చదరపు కిలోమీటర్లకు పైమాట. ప్రభుత్వములు రెండైనవి, పటములు రెండైనవి. పులికి మాత్రము అడవి ఒక్కటే. ఈడు వచ్చిన పులిపిల్ల తల్లిని విడిచి కొత్తచోటు వెదకుకొనును. నదిని ఈదగలదు, కొండ నెక్కగలదు. కంచెలను, ఎడతెగని వాహనములను మాత్రము దాటలేదు. దారులు మూసుకొనిపోయినచో దగ్గరి రక్తసంబంధములోనే సంతానము కలిగి జాతి బలహీనపడును. దక్షిణమున లంకమల మీదుగా శేషాచలమువరకు సాగు కొండలవరుస తెగిపోరాదనుట ఇందువలననే.

చట్టము దీనిని మరువలేదు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టమును 2006లో సవరించినప్పుడు, పులుల అడవులలోనే గాక వానిని కలుపు నేలలలో సైతము ప్రకృతికి అనుకూలమైన వినియోగమే ఉండవలెనని చేర్చిరి. అయినను చట్టములోని వాక్యము గ్రామపటములో గీతగా మారనంతవరకు ప్రయోజనము స్వల్పము. పొలము ఇండ్లస్థలములుగా మారిన తరువాత, రహదారి పడిన తరువాత బాటను వెదకుట ఆలస్యమే.

హైదరాబాదు–శ్రీశైలము రహదారిలో అడవిభాగమున రాత్రి తొమ్మిదినుండి ఉదయము ఆరువరకు రాకపోకలను నిలుపుదురు. అడవిమీదుగా ఎత్తైన వంతెనదారి వేయవలెనన్న ప్రతిపాదనయు ఇటీవల వచ్చినది. పెంచ్ అడవిలో 44వ జాతీయ రహదారి క్రింద విడిచిన దారులగుండా పులులు నడచుట కెమెరాలలో కనబడినది. కనుక వంతెన వ్యర్థము కాదు. కాని స్తంభముల నడుమ దారి విడిచి, దాని కిరువైపుల నేలను విడిదిగృహములకు అమ్మినచో ఆ వంతెన ఎవరికొరకు? ముందుగా నేలకు ప్రణాళిక, ఆ పిమ్మటనే వంతెన.

ఆ ప్రణాళిక కచేరీలో కూర్చుండి గీయదగినది కాదు. ఏ వాగు వేసవిలో నిలుచునో, కణుతులు ఏ కనుమలో దిగునో చెంచులకు తెలియును. పులికి దారి యను నెపమున వారిని వెడలగొట్టుట అన్యాయమే గాక అవివేకము కూడ. 2006 నాటి అటవీహక్కుల చట్టము వారి గ్రామసభకు మాట చెల్లునట్లు చేసినది. 2019లో యురేనియము అన్వేషణను ఈ ప్రాంతపు జనులు ఎదిరింపగా, తెలంగాణ శాసనసభయే దానికి వ్యతిరేకముగా తీర్మానించినది. నేల దేనికన్న ప్రశ్నలో ప్రజల మాట నెగ్గగలదని అది చాటినది.

పాఠశాలలో పిల్లలు గ్రామపటము గీయునప్పుడు గుడి, బడి, చెరువు గుర్తింతురు. జంతువుల బాటను గూడ గుర్తించుట నేర్పినచో, రేపు వారే సర్పంచులై, ఇంజనీరులై స్థలము కేటాయించునాడు ఆ గీతను చెరిపివేయుటకు వెనుదీయుదురు.