ఇల్లు మనది, వీథి అందరిది

ఇల్లు కట్టి చూడు, పెండ్లి చేసి చూడు అని మనవారి సామెత. ఇల్లు నిలువబెట్టుటకు గృహస్థుడు పడు పాట్లు ఎట్టివో ఆ సామెతయే చెప్పుచున్నది. అట్టి ఇంటికి కిటికీ మార్చుటకును, అరుగు తొలగించుటకును, నచ్చిన రంగు పూయుటకును పరుల అనుమతి కావలెనన్నచో ఎవరికైనను మనస్సు చివుక్కుమనును. ప్రాచీన నగరభాగములలో అనుమతి లేకయే ఇండ్ల వెలుపలి రూపమును మార్చువారి వాదమునకు మూలము ఈ బాధయే. దీనిని పరిహసింపరాదు, సమాధానము చెప్పవలెను.

జయపురమును చూతము. 1727లో సవాయి జయసింహుడు విద్యాధర భట్టాచార్యుని తోడ్పాటుతో ఈ నగరమును నిర్మింపజేసెను. తీగ లాగినట్లున్న రాజవీథులు, అవి కలియు చోట చౌపర్లనెడి విశాలమైన కూడళ్లు, వీథుల పొడవునను ఒకే తీరున సాగు అంగళ్ల ముఖభాగములు దాని సొంపు. 1876లో వేల్సు యువరాజు రాక సందర్భమున పూసిన గులాబీవన్నె తరువాత నగరమునకు మారుపేరయ్యెను. 2019లో యునెస్కో ఈ ప్రాకార నగరమును ప్రపంచ వారసత్వ స్థలముగా గుర్తించెను. ఆ గౌరవము హవామహలుకు మాత్రమే దక్కినది కాదు. పేరులేని ఇండ్ల వరుసకును, అంగళ్ల వరుసకును దక్కినది.

ఆ వరుసలో ఒకరు జాలకము పెరికి గాజుపలక బిగించిరనుకొందము. వేరొకరు మీద అంతస్తు లేపిరనుకొందము. ఎవరికి వారు చేసినది చిన్న మార్పే. కాని పద్యమున ఒక పాదమునందు గణము తప్పినచో ఆ పాదమొక్కటియే చెడదు, పద్యమంతయు కుంటువడును. వీథియు నట్టిదే.

నష్టము కంటికి మాత్రమే కాదు. పాత గోడలు సున్నముతో కట్టినవి. సున్నపు పూత తేమను పీల్చి మరల గాలికి విడుచును. దానిపై సిమెంటు పూసినచో చెమ్మ వెలికిపోవు దారి మూసికొనిపోవును. గోడలో ఉప్పు పేరి, కొంతకాలమునకు పూతయు, దానితో ఇటుకయు పెచ్చులూడును. బాగుచేయుచున్నానని నమ్మియే గృహస్థుడు తన ఇంటికి కీడు చేసికొనును. అనుమతి నడుగుమను నియమము అతనికి శత్రువు కాదు; మందు వేసికొనుటకు ముందు వైద్యుని అడుగుట వంటిది.

అయితే అనుమతి నిచ్చువారికిని ధర్మము కలదు. దరఖాస్తు నెలల తరబడి బల్లపై పడియున్నచో కారుచున్న మిద్దె ఆగదు. వీథి అందము అందరిదైనపుడు దానిని నిలుపు వ్యయమును ఒక్క గృహస్థుని నెత్తిన మోపుట న్యాయము కాదు. సున్నపు పని తెలిసిన మేస్త్రీని చూపుట, కొంత ధనసహాయము చేయుట, గడువులోగా జవాబు చెప్పుట అధికారుల విధి. లోపలి వంటగది, స్నానపు గది యజమాని ఇష్టము. వీథికి కనబడు ముఖమున మాత్రము వీథికిని పాలున్నది. ఈ హద్దు స్పష్టముగా గీసినచో తగవు సగము తీరును.

మిగిలిన సగము శాసనముతో తీరునది కాదు. అందుకు మన హైదరాబాదే సాక్షి. వారసత్వ కట్టడముల రక్షణకై 1981 నాటి నగరాభివృద్ధి నిబంధనలలో నున్న 13వ నిబంధన 2015లో తొలగింపబడెను. 2017లో తెలంగాణ వారసత్వ చట్టము వచ్చెను. చట్టము పోవచ్చును, మరల రావచ్చును. కూలిన గోడ మాత్రము తిరిగి రాదు. దానిని కాపాడవలసినది జనుల అభిరుచియే.

ఆ అభిరుచి బడిలో మొలకెత్తవలెను. రేపటి గృహస్థులు నేటి విద్యార్థులే. ఉపాధ్యాయులు ఒక ఆదివారము వారిని తమ ఊరి పాత వీథికి తోడ్కొనిపోయి, అరుగులను, చెక్కిన ద్వారబంధములను, మండువా లోగిళ్లను చూపి, ఒక్కొక్కదాని పేరును పనిని చెప్పవలెను. పేరు తెలిసిన వస్తువును పారవేయుటకు చేయి వెనుకాడును.