తేనెరంగు పూసకి సూదివాత వద్దు

బంగారం దగ్గర మనకుండే జాగ్రత్త పూసల దగ్గర ఉండదు. గొలుసు కొంటే ముద్ర చూస్తాం, తూకం చూస్తాం, అనుమానమొస్తే ఆచారి చేత గీటురాయి మీద గీయిస్తాం. పూసలదండ దగ్గరికొచ్చేసరికి అంగడివాళ్లు చెప్పిందే పేరు, అడిగిందే ధర. అవ్వ పెట్టెలో దొరికిన పాతదండ అయితే ఇంకా అన్యాయం. ‘ప్లాస్టిక్కులే’ అని పిల్లలకు ఆడుకోవడానికైనా ఇచ్చేస్తాం, లేదా వేలు పలుకుతుందని లేనిపోని ఆశైనా పెట్టుకుంటాం.

మన చిత్తూరు, తిరుపతి వైపు ఈ చిక్కు మరీ ఎక్కువనిపిస్తుంది నాకు. కొండకెళ్లినా, గంగమ్మ జాతరకెళ్లినా పూసల అంగళ్ల ముందు ఆగకుండా రాలేం. శ్రీకాళహస్తిలో రాహుకేతు పూజలు జరుగుతాయి, రాహువుకు గోమేధికం అంటారు. దాంతో తేనెరంగు పూస ఏది కనబడినా ‘గోమేధికమేమో’ అనుకుంటాం. నిజానికి ఆ రంగులో మూడు వేరువేరు వస్తువులున్నాయి.

గోమేధికం రాయి. చేతికి బరువుగా, చెంపకి ఆనిస్తే చల్లగా ఉంటుంది. అంబర్ రాయి కాదు. కోట్ల ఏళ్ల కిందట చెట్ల నుంచి కారిన బంక భూమిలో గట్టిపడి అలా అయింది. తేలిగ్గా, తాకితే వెచ్చగా ఉంటుంది. రుద్దితే గడ్డిపరకను లాగుతుంది కాబట్టి మన పెద్దలు దాన్ని తృణమణి అన్నారు. మూడోది ప్లాస్టిక్. 1907లో అమెరికాలో బేక్‌లాండ్ అనే శాస్త్రవేత్త తయారుచేసిన బేకలైట్ ఈ కోవలోదే. పాత ఇళ్లలో నల్లటి గుండ్రటి స్విచ్చిలు దాంతో చేసినవే. ఆ జాతి ప్లాస్టిక్కుతో రంగురంగుల పూసలూ వచ్చాయి. వాటిలో లేతరంగువి ఏళ్లు గడిచేకొద్దీ ముదిరి అచ్చం తేనెరంగుకు తిరుగుతాయి. కాబట్టి పాతదైనంత మాత్రాన అసలుదని నమ్మడానికి లేదు.

గడ్డిపరక పరీక్ష కూడా చాలదు. తలదువ్విన ప్లాస్టిక్ దువ్వెన కాగితం ముక్కల్ని లాగడం మనం చూడలేదా?

ఇంట్లోనే చేసుకోదగ్గ పరీక్షలు రెండున్నాయి. గ్లాసుడు నీళ్లలో ఉప్పు ఇక కరగదనేదాకా కలపండి. దారం, లోహం లేని విడిపూస ఒకటి అందులో వేయండి. అంబర్ తేలుతుంది. బేకలైట్, గోమేధికం మునుగుతాయి. మునిగితే అది అంబర్ కాదని దాదాపు తేలిపోయినట్టే. తేలితే మాత్రం తొందరపడకండి, కొన్నిరకాల చవక ప్లాస్టిక్కులు కూడా తేలతాయి. పూసను మంచినీళ్లతో కడిగి తుడవడం మరవొద్దు.

రెండోది వాసన. పొడిబట్టతో వేడెక్కేదాకా గట్టిగా రుద్ది వెంటనే ముక్కు దగ్గర పెట్టుకోండి. అంబర్ అయితే సన్నగా గుగ్గిలం లాంటి వాసన వస్తుంది. బేకలైట్ అయితే కార్బాలిక్ సబ్బు వాసన, సెల్యులాయిడ్ అయితే కర్పూరం వాసన.

చాలామంది చెప్పే సూది పరీక్ష గురించి మాత్రం నేను గట్టిగానే చెప్పాలి. మాకు తెలిసినావిడ ఒకరు కూతురి కాలేజీ ఫీజు కట్టలేక అవ్వ దండను ఒక అంగడికి తీసుకెళ్లారు. అక్కడ ఎర్రగా కాల్చిన సూదితో మూడు పూసలకు వాతలు పెట్టి ‘ఏమో, చెప్పలేం’ అని తిప్పి పంపారట. అదేమిటో తేలలేదు సరికదా, దండ పాడైంది. అసలు అంబరే అయినా ఆ మచ్చ పోదు. సెల్యులాయిడ్ అయితే భగ్గున అంటుకుంటుంది. మీ వస్తువును మీ కళ్లెదుటే అయినా సరే, ఎవరినీ అలా చేయనివ్వకండి. విలువైనదని గట్టి అనుమానముంటే రత్నాలు పరీక్షించే ప్రయోగశాలకు చూపించండి. అక్కడ పూసకు హాని లేకుండా చూడగలరు.

కొత్తగా కొనేవాళ్లు బిల్లు మీద ‘అంబర్’ అనో ‘గోమేధికం’ అనో రాసివ్వమని అడగండి. నోటితో చెప్పినంత సులువుగా కాగితం మీద రాయలేరు. రాసిచ్చాక మోసమని తేలితే జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్లడానికి ఆ కాగితమే మీకు ఆధారం.

చివరికి ప్లాస్టిక్కని తేలినా అవ్వ దండను చులకన చేయకండి. పాత బేకలైట్ పూసల్ని కోరి దాచుకునేవాళ్లు దేశదేశాల్లో ఉన్నారు. ఇష్టపడి ప్లాస్టిక్ వేసుకుంటే తప్పేం లేదు. ప్లాస్టిక్కుకు అంబర్ ధర కట్టడం, అంబర్‌ను ప్లాస్టిక్ ధరకు వదులుకోవడం, ఈ రెండూ మనకొద్దు. ఈ ఆదివారం ఆ పెట్టె ఒకసారి తెరవండి, ఉప్పు నీళ్ల గ్లాసు పక్కన పెట్టుకుని.