బరువు తగ్గించు శస్త్రచికిత్స – పిదప పథ్యము

స్థూలకాయము తగ్గుటకై ఆమాశయమును కుదించు శస్త్రచికిత్స ఒకప్పుడు పత్రికలలో చదివి ఆశ్చర్యపడు విషయము. 2011లో నితిన్ గడ్కరీ, 2014లో అరుణ్ జైట్లీ చేయించుకొన్నప్పుడు అది పెద్దవారి వ్యవహారమనుకొంటిమి. నేడు మా కేసముద్రము వంటి మార్కెట్టు ఊరినుండి సైతము రైలెక్కి హైదరాబాదు పోయి చేయించుకొని వచ్చువారు కలరు. కొన్ని మాసములు గడచిన పిదప వారిలో కొందరు నా వద్దకు వచ్చి అడుగు ప్రశ్న ఒక్కటే: "అయ్యగారూ, ఇప్పుడేం తినాలె?"

ఈ శస్త్రచికిత్స మంచిదా, చెడ్డదా అను వాదము నేనిచట చేయబోను. సుశ్రుతుని శాస్త్రము చదివినవాడు కత్తిని నిందించుట తగదు. ఆపరేషన్ అయిన పిమ్మట ఇంటిలో జరుగునదే నాకు ఆందోళన కలిగించుచున్నది. నేను చూచినంతలో, శస్త్రవైద్యుడు చేసిన పనిని చెడగొట్టునది చాలావరకు ఇంటివారి ప్రేమ. అటుపైన మా వైద్యులలో కొందరి తొందరపాటు.

ఈ చికిత్సలలో రెండు ఎక్కువగా వాడుకలోనున్నవి. స్లీవ్ గాస్ట్రెక్టమీలో ఆమాశయములో సుమారు 75 నుండి 80 శాతము తీసివేసి, అరటిపండు ఆకారములో సన్నని గొట్టమును మిగుల్తురు. అమెరికాలో ఎడ్వర్డ్ మేసన్ 1966లో మొదలిడిన గాస్ట్రిక్ బైపాస్ మార్గములో సుమారు 30 మిల్లీలీటర్లు పట్టు చిన్న సంచిని మాత్రముంచి, చిన్నప్రేగు మొదటి భాగమును దాటించి కలుపుదురు. ఆకలి పుట్టించు గ్రెలిన్ అను హార్మోను ప్రధానముగా ఆమాశయపు పైభాగమున తయారగును. స్లీవ్‌లో ఆ భాగమే పోవును గనుక తొలి మాసములలో చాలామందికి ఆకలి అంతగా తెలియదు.

చరకసంహిత సూత్రస్థానము 21వ అధ్యాయములో స్థూలునకొక విధము, కృశునకొక విధము చెప్పబడినవి. స్థూలునకు గురువై, అనగా అరుగుటకు ఆలస్యమై, పుష్టినీయని ఆహారము. కృశునకు లఘువై పుష్టినిచ్చు ఆహారము. ఆపరేషను బల్లపైనుండి దిగిన మనిషి అద్దములో ఇంకను స్థూలుడే. కాని పూటకు నాలుగైదు చెంచాలు మించి తినలేని అతనిని, ధాతువులకు అందు పోషణను బట్టి చూచిన యెడల, కృశునిగా ఎంచవలెను. కావున నా అభిప్రాయములో ఆ దినమునుండి అతనికి రెండవ సూత్రమే వర్తించును. ఉలవకట్టు, తేనెనీరు, త్రిఫల, లంఘనము మొదటి సూత్రమునకు చెందినవి. వాటినే కొనసాగించుట ప్రమాదకరము.

ఇది ఊహించి వ్రాయుట లేదు. నలుబది యేండ్లు దాటిన ఒక గృహిణి ఆపరేషనైన ఎనిమిదవ మాసమున నా వద్దకు వచ్చినది. బరువు బాగుగనే తగ్గినది. కాని జుట్టు పిడికిళ్ళతో ఊడుచున్నది, అరికాళ్ళు తిమ్మిరి, నాలుగు మెట్లెక్కిన ఆయాసము. ప్రొద్దున రాగి అంబలి, మధ్యాహ్నము చారన్నము, రాత్రి మజ్జిగన్నము, ఇంతే ఆమె ఆహారము. ఆసుపత్రివారిచ్చిన మాత్రలు "వేడి చేయును" అని అత్తగారు మానిపించిరి. ఒక వైద్యుడు పైగా ఉలవల కషాయము వ్రాసెను. నేను చూర్ణమేదియు ఈయక, రక్తపరీక్ష చేయించి తిరిగి ఆమె శస్త్రవైద్యుని వద్దకే పంపితిని. రక్తము, బి12 విటమిను రెండును మిక్కిలి తగ్గియున్నవి. ఇంజెక్షన్లు, మాత్రలు, మార్చిన తిండితో కోలుకొనుటకు అర్ధ సంవత్సరము పట్టినది.

మన భోజనపు వరుసను గమనింపుడు. పప్పు, కూర, పులుసు, చారు, పెరుగు అన్నియు అన్నములోనికే. అన్నము ప్రధానము, తక్కినవి కలుపుకొనుటకు. పెద్ద కడుపునకు ఇది చెల్లినది. ఆపరేషనైనవారికి దినమునకు కనీసము 60 గ్రాముల మాంసకృత్తులు అందవలెనని వైద్యులు చెప్పుదురు. ఒక కోడిగ్రుడ్డులో సుమారు 6 గ్రాములు, 30 గ్రాముల కందిపప్పులో 7 గ్రాములు, 100 గ్రాముల పెరుగులో 3 గ్రాములు లభించును. చారన్నముతో ఈ లెక్క ఎన్నటికిని తేలదు. కావున వరుస తిరగవేయవలెను: ముందు చిక్కని ముద్దపప్పో, గ్రుడ్డో, పనీరో, మెత్తగా ఉడికిన చేపయో, తరువాత కూర, చివర చోటు మిగిలినచో రెండు చెంచాల అన్నము. నేను శాకాహారిని. ఐనను తినువారికి మాంసము వద్దనను, మాంసరసమును శాస్త్రమే విధించినది. తొలి మాసములలో ఆసుపత్రివారు చెప్పు ప్రోటీను పొడిని "డబ్బా తిండి" అని పెద్దలు ఈసడించుచున్నారు. అది మానరాదు.

నీటి విషయము ఇంకను కష్టము. కడుపును నాలుగు భాగములుగా భావించి రెండు ఘనాహారమునకు, ఒకటి ద్రవమునకు, ఒకటి వాయువునకు విడువవలెనని వాగ్భటుడు చెప్పెను. గురుకులములో మేము మొదట నేర్చిన పథ్యసూత్రములలో ఇది యొకటి. మా గురువుగారు భోజనవేళ మధ్యమధ్య గ్రుక్కెడు నీరు త్రాగుట తప్పనిసరి అనెడివారు. కాని 30 మిల్లీలీటర్ల సంచిలో నాలుగు వంతులెక్కడివి? ఈ రోగులు భోజనముతో నీరు త్రాగరాదు. తిన్న అరగంటకుగాని చెంబు పట్టరాదు. తక్కిన వేళలలో మాత్రము కొద్దికొద్దిగా త్రాగుచుండవలెను. చారు, మజ్జిగ కలిపిన అన్నముతోను ఇదే చిక్కు: జారి త్వరగా దిగిపోవును, మరల తినబుద్ధియగును.

శాస్త్రము మరీ నిదానముగ తినరాదనును. వీరు నమలి నమలి అరగంట తినవలెను. శాస్త్రము ఆకలి వేసినప్పుడే తినుమనును; వీరు గడియారము చూచి తినవలెను. సూత్రము ఆరోగ్యవంతుని కొరకు చెప్పినది, ప్రతి మనిషికిని దానిని సరిచూచుకొనుమని చెప్పినదియు శాస్త్రమే.

మరియొకచోట రెండు వైద్యములును చక్కగా ఏకీభవించినవి. పంచకర్మలో శోధనము జరిగిన పిదప పేయ, విలేపి, యూషము, మాంసరసము అను క్రమమున జావనుండి ఘనాహారమునకు మెల్లగా తీసికొనిపోవుదుము. ఆసుపత్రివారును తొలి రెండు వారములు ద్రవము, పిదప మెత్తని ముద్ద, ఆరు నుండి ఎనిమిది వారములకు సాధారణాహారము అని చెప్పుచున్నారు. "జావతో నీరసించినది" అని పదవనాడే ఇడ్లీ, వడ పెట్టు తల్లులకు ఈ మాట చెప్పినచో వెంటనే అర్థమగును. బాలింత పథ్యము తెలిసినవారు గదా.

తీపి సంగతి. ముఖ్యముగా బైపాస్ అయినవారు మలీదయో, పాయసమో తిన్న కొద్దిసేపటికే చెమటలు, గుండెదడ, కడుపునొప్పి, విరేచనము కలుగవచ్చును. చక్కెర ఒక్కసారిగా ప్రేగులోనికి దిగుటయే కారణము. దీనిని దిష్టి యనుకొని ఉప్పు, మిరపకాయలు త్రిప్పివేసిన ఇల్లు నాకు తెలియును. దిష్టి తీసినందున నష్టము లేదు, మరునాడు మరల పాయసము పెట్టకున్న చాలును. సకినాలు ఇంతకంటె మోసకారివి. రెండు ముద్దల పప్పు పట్టని కడుపులోనికి, కరకరలాడుచు పొడియై దిగు సకినాలు మధ్యాహ్నమంతయు పోవుచునేయుండును. ఏడాది రెండేడ్లకు ఆకలి తిరిగివచ్చునప్పుడు, తగ్గిన బరువు మరల పెరుగుటకు ఇట్టి చిరుతిండి యొక ముఖ్య మార్గము.

స్త్రీల విషయమున ఒక మాట. మన ఇండ్లలో అందరు తిన్న పిదప, మిగిలినది పారవేయుట ఇష్టములేక తినునది ఇల్లాలు. ఆపరేషనైన స్త్రీ మిగులు తినరాదు, చివర తినరాదు. వేళకు ఆమె గిన్నె ముందు నిండవలెను. పెండ్లి పంక్తిలో "ఇంకొక్క ముద్ద" అని బలవంతపెట్టువారికి ఆమె భర్తయే అడ్డుచెప్పవలెను, ఆమె చెప్పిన ఎవ్వరు వినరు. కోడలు సన్నబడినది గదాయని సంతానమునకు తొందరపెట్టుటయు తగదు. ఏడాది నుండి ఏడాదిన్నర ఆగుమని వైద్యుల సలహా.

బి12, ఇనుము, కాల్షియము, విటమిను డి మాత్రలు జీవితాంతము వేసికొనవలసినవే, మా లేహ్యములు వాటికి ప్రత్యామ్నాయము కావు. ఇనుపమాత్రను టీతోను, కాల్షియముతోను కలిపి మ్రింగరాదు, రెండు గంటల ఎడముండవలెను. వాంతులు ఆగకున్నచో ఇంటి చిట్కాలతో కాలయాపన చేయక ఆసుపత్రికి పోవలెను. థయామిను లోపించి నరములకు, మెదడునకు హాని కలుగును. అట్టివారు నా వద్దకు వచ్చినప్పుడు ఆసుపత్రివారిచ్చిన కాగితము, వాడుచున్న మాత్రలు మొదట తెమ్మందును. అవి చూడక చూర్ణపు పొట్లము కట్టను.