హీరో పేరుకి మూడు వారాల పథ్యం!

సినిమా చూసేవాళ్ళకి పచ్చబొట్టు గురించి కొత్తగా చెప్పాలా? 1975లో 'దీవార్'లో అమితాబ్ బచ్చన్ చేతిమీద ఊళ్ళోవాళ్ళు పొడిచిన ఆ నాలుగు మాటలే కథనంతా నడిపించాయి. మరుసటేడు అదే కథతో మన ఎన్.టి.రామారావు 'మగాడు' వచ్చింది. 2005 నాటి 'గజిని'లో సూర్య ఒంటినిండా పేర్లూ, నంబర్లూ! 2015లో 'బాహుబలి' మొదటి భాగంలో నిద్రపోతున్న తమన్నా చేతిమీద ప్రభాస్ గుట్టుగా బొమ్మ గీసిపోతే హాళ్ళలో ఒకటే ఈలలు!

అయితే ఒక్క తేడా ఉంది మహాప్రభో! తెరమీద పచ్చబొట్టు మేకప్. షాట్ ఓకే అనగానే కడిగేసుకుని ఇంటికెళ్ళిపోవచ్చు. మన చేతిమీద పడేది మాత్రం గాయం. అక్షరాలా గాయం!

ఈ గొడవంతా ఎందుకంటే... అనకాపల్లి జిల్లా రోలుగుంట నుంచి 19 ఏళ్ళ పాఠకుడు ఒకడు రాశాడు. అనకాపల్లి నూకాంబిక అమ్మవారి జాతరలో ముంజేతి లోపలి వైపున అభిమాన హీరో పేరు పొడిపించుకున్నాడట. (ఏ హీరో అని అడక్కండి. చెబితే మిగతా హీరోల అభిమానులు నన్ను బతకనివ్వరు!) నాలుగో రోజుకి దురద మొదలైంది, పొట్టు లేస్తోంది. "పసుపూ నూనే పెట్టెయ్, తగ్గిపోద్ది" అంటోంది మామ్మ. "పెచ్చులు పీకెయ్, రంగు బాగా తేల్తాది" అంటున్నారు స్నేహితులు. హీరో పుట్టినరోజుకి రక్తదానం చెయ్యాలి. మిలిటరీ సెలక్షన్లకీ తయారవుతున్నాడు. అంతకన్నా ముందు ఛాతీమీద హీరో బొమ్మ వేయించుకోవాలనీ ఉంది. ఏం చెయ్యమంటారు? అని ప్రశ్న.

తమ్ముడూ, ఒక్కొక్కటీ చెప్తాను. జాగ్రత్తగా విను.

ముందు లోపల ఏం జరుగుతోందో తెలియాలి. చర్మానికి పైపొర రాలిపోతూ, కొత్తది పుడుతూ ఉంటుంది. సూది ఆ పొరని దాటి, ఒకటి రెండు మిల్లీమీటర్ల లోతున కింది పొరలో రంగు దించుతుంది. దుమ్మో, క్రిమో వచ్చిపడిందనుకుని ఒంట్లోని రక్షక కణాలు పరుగెత్తుకొచ్చి ఆ రంగుని మింగేస్తాయి. మింగాయి గానీ అరిగించుకోలేవు! అక్కడే కూర్చుండిపోతాయి. అవి చచ్చిపోతే కొత్త కణాలొచ్చి అదే రంగుని మళ్ళీ మింగుతాయి. నీ హీరో పేరు నీ చేతిమీద నిలిచేది అందుకే. నల్లమసి చర్మం చాటునుంచి నీలిపచ్చగా కనిపిస్తుంది కాబట్టే మన పెద్దలు దాన్ని పచ్చబొట్టు అన్నారు.

ఇక పథ్యం. పైగాయం మానడానికి రెండు మూడు వారాలు పడుతుంది. లోపల పూర్తిగా కుదుటపడాలంటే నెలలే. రోజుకి రెండుసార్లు చేతులు సబ్బుతో కడుక్కుని, ఆ తర్వాతే పచ్చబొట్టుని ముట్టుకో. కాచి చల్లార్చిన నీళ్ళూ, ఘాటు వాసనలేని సబ్బూ చాలు. రుద్దొద్దు. ఉతికిన మెత్తటి గుడ్డతో అద్ది, వాసనలేని ఆయింట్‌మెంటు పల్చగా రాయి. పల్చగా అన్నాను, దోసెకి నూనె పోసినట్టు కాదు!

దురదా, పొట్టూ గాయం మానేటప్పుడు వచ్చేవే. గోకావో, పెచ్చు పీకావో, దాంతోపాటు రంగూ ఊడొస్తుంది. అక్షరం మధ్యలో తెల్లమచ్చ మిగులుతుంది. పెచ్చు దానంతటదే రాలాలి. మరీ దురదగా ఉంటే చల్లటి తడిగుడ్డ అద్దు.

మామ్మ మాట తీసిపారెయ్యను. పచ్చబొట్లు పొడిచే ఆడవాళ్ళు వీధుల్లో తిరిగిన రోజుల్లో పసుపూ నూనే తప్ప ఇంకేం దొరికేవి? కానీ వంటింటి డబ్బాలోని పసుపులో ఎన్ని చేతులు పడ్డాయో! పచ్చిగాయానికి అది వద్దు. కూరలో వేయించుకుని తిను, మామ్మ సంతోషిస్తుంది.

చెరువులో ఈతా, కాలవలో స్నానమూ మూడు వారాలు బంద్. చెరకుతోటలో పనుంటే వదులైన నూలుచొక్కా పొడుగు చేతులతో వేసుకో. చెరకాకు గీరితే మామూలు చర్మమే తట్టుకోదు, పచ్చిపుండు తట్టుకుంటుందా? ఎండ తగలనీయకు. మొదటిరోజు మొదటి ఆట తొక్కిసలాట కూడా ఈసారికి మానెయ్. రెండోవారం చూసినా హీరో ఏమీ అనుకోడు!

ఎరుపు రోజురోజుకీ పాకుతున్నా, సలుపు పెరుగుతున్నా, చీము పట్టినా, జ్వరం వచ్చినా మాత్రం ఆగకు. అదేరోజు ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి వెళ్ళు. ధనుర్వాతం ఇంజెక్షన్ ఎన్నాళ్ళ క్రితం వేయించుకున్నావో కూడా చెప్పు.

ఇంతకీ అసలు ప్రశ్న నేను అడగాలి. జాతరలో నీకు పొడిచిన సూది కొత్తదేనా? నీ కళ్ళముందే కవరు చింపి తీశాడా? రంగు నీ ఒక్కడికే విడిగా పోశాడా? ఒకే సూదితో పదిమందికి పొడిస్తే హెపటైటిస్ బి, సి, హెచ్.ఐ.వి. ఒకరి నుంచి ఒకరికి రావచ్చు. అనుమానముంటే సిగ్గుపడకుండా ఇప్పుడే డాక్టరుకి చెప్పు. ప్రభుత్వ ఐ.సి.టి.సి. కేంద్రాల్లో హెచ్.ఐ.వి. పరీక్ష ఉచితం. ఒకసారి లేదని తేలినా, డాక్టరు మళ్ళీ రమ్మన్న రోజున వెళ్ళు.

ఇప్పుడు రక్తదానం సంగతి. ఇది వింటే నీ మనసు చివుక్కుమంటుంది. పచ్చబొట్టు వేయించుకున్నాక 12 నెలలు రక్తం ఇవ్వకూడదని మన దేశంలో నిబంధన. ఇందాక చెప్పిన జబ్బులే కారణం. 1998లో చిరంజీవి బ్లడ్ బ్యాంక్ పెట్టాక రక్తమివ్వడం తెలుగు అభిమానికి ఒక గౌరవమైపోయింది. హీరో పేరు ఒంటిమీద రాయించుకున్నవాడే హీరో పుట్టినరోజున రక్తం ఇవ్వలేకపోవడం... విడ్డూరం కాదూ? ఈ ఏడు నువ్వు కుర్చీలు వెయ్యి, పళ్ళరసం అందించు, పదిమందిని తీసుకురా. శిబిరంలో పచ్చబొట్టు దాచి మాత్రం రక్తం ఇవ్వకు. అది ఎక్కే రోగి నీకు తెలియకపోవచ్చు గానీ, ఎవరికో అమ్మే, ఎవరికో తమ్ముడే.

చివరిది మిలిటరీ. ముంజేతి లోపలి వైపునా, అరచేతి వెనకవైపునా ఉన్న పచ్చబొట్టుకి మాత్రమే సైన్యంలో అనుమతి. ఆచారంగా పొడిపించుకునే గిరిజనులకి విడిగా సడలింపు ఉంది. నీ ముంజేతికి భయంలేదు. ఛాతీమీద బొమ్మ పడిందో, పరుగులో ఫస్టొచ్చినా వైద్యపరీక్షలో ఇంటికి పంపేస్తారు. లేజర్‌తో తీయించుకోవచ్చంటావేమో... ఎన్నో దఫాలు, ఎంతో ఖర్చు. పూర్తిగా పోతుందన్న హామీ కూడా లేదు.

కాబట్టి ఛాతీ ఖాళీగానే ఉంచు తమ్ముడూ! రేపు అక్కడ మెడల్ పెట్టుకోవడానికి చోటుండాలి కదా!