ముప్పై మంది కోసం ఒక క్రిస్మస్ ఆల్బమ్

డిసెంబరు వస్తోందంటే చాలు, తెలుగు క్రిస్మస్ ఆల్బములు వరస కడతాయి. పేరున్న సినిమా గాయకులు, కీబోర్డులోంచి వచ్చే వయొలిన్లు, వెనక కోరస్, పోస్టరు మీద నిర్మాత కుటుంబం ఫొటో. వాటిలో మంచి పాటలు లేవని అనను, ఉన్నాయి. కానీ ఓ పది విన్నాక ఏది ఎవరిదో గుర్తుండదు. నమ్మకం గురించి పాడే పాటలో ఆ నమ్మే మనిషి ఎక్కడా కనపడకపోతే ఎలాగండీ? నా గోలంతా అదే.

ఈ విషయంలో నాకు బాగా నచ్చినవాడు అమెరికన్ గాయకుడు సూఫ్యాన్ స్టీవెన్స్. 2001 డిసెంబరులో కొన్ని క్రిస్మస్ పాటలు రికార్డు చేసి స్నేహితులకీ బంధువులకీ కానుకగా ఇచ్చాడు. మరుసటి ఏడు మళ్ళీ చేశాడు. మధ్యలో 2004 ఒక్కటీ వదిలేస్తే, 2006 కల్లా ఐదు చిన్న ఆల్బములయ్యాయి. అప్పుడు వాటన్నిటినీ కలిపి 42 పాటల పెట్టెగా 'సాంగ్స్ ఫర్ క్రిస్మస్' అని బయటికి తెచ్చారు. 2012లో 'సిల్వర్ అండ్ గోల్డ్' అని ఇంకో ఐదు, 58 పాటలు. కూడి చూడండి, సరిగ్గా వంద.

అందులో బాంజో మీద వాయించిన పాత చర్చి కీర్తనలున్నాయి. వాటి పక్కనే, పండగ పూట ఇంట్లో గొడవ జరిగి అందరి మనసూ విరిగిపోయిన రోజు గురించి ఆయన సొంతంగా రాసుకున్న పాట కూడా ఉంది. మన దగ్గర ఇది కుదరదు. తాగొచ్చిన తండ్రి, కట్టని అప్పు, పెళ్ళి కాని అక్క... ఇవన్నీ సాక్ష్యం చెప్పేటప్పుడు మైకులో చెప్తారు, వినేవాళ్ళు కళ్ళు తుడుచుకుంటారు కూడా. పాట దగ్గరికొచ్చేసరికి మాత్రం అంతా ఆనందమే, అంతా నక్షత్రాలే. పశువుల పాకలో చోటు దొరికిన కుటుంబం కథకి ఇంత మెరుగు ఎందుకో నాకర్థం కాదు.

సూఫ్యాన్ పద్ధతిలో నాలాంటి కోడు రాసుకునేవాడికి నచ్చే సంగతి ఇంకోటుంది. అది జరగని డెడ్‌లైన్. డిసెంబరు 25ని క్లయింటుతో మాట్లాడి వారం ముందుకి నెట్టలేం. పైగా వినబోయే వాళ్ళ పేర్లన్నీ ముందే తెలుసు. లోకమంతా వింటుందనుకుని చేస్తే ఎవర్నీ నొప్పించని పాట తయారవుతుంది. పిన్ని వింటుంది, బాబాయి వింటాడు అనుకుని చేస్తే అబద్ధమాడటం కష్టం, వాళ్ళకి మన సంగతంతా తెలుసు కాబట్టి.

అసలు 'సైలెంట్ నైట్' సంగతే చూడండి. ఆస్ట్రియాలో ఓబెర్న్‌డార్ఫ్ అనే చిన్న ఊళ్ళో, 1818 డిసెంబరు 24 రాత్రి పూజకి తయారైన పాట అది. జోసెఫ్ మోర్ అనే చిన్న ఫాదరీ రెండేళ్ళ క్రితం రాసి పెట్టుకున్న మాటలకి, ఫ్రాంజ్ గ్రూబర్ అనే బడిపంతులు బాణీ కట్టాడు. రెండు గొంతులు, ఒక గిటారు, అంతే బడ్జెట్టు. (చర్చి ఆర్గన్‌ని ఎలుకలు కొరికేశాయన్న కథ తర్వాత ఎవరో అల్లింది, దానికి ఆధారాల్లేవు.) వాళ్ళిద్దరూ ఆ రాత్రి లోకం కోసం పాడలేదు, ఎదురుగా కూర్చున్న ఊరివాళ్ళ కోసం పాడారు.

ఇంకో ముచ్చట. 2007లో సూఫ్యాన్ ఒక పోటీ పెట్టాడు: మీరొక క్రిస్మస్ పాట రాసి పంపండి, గెలిచినవాళ్ళకి నా కొత్త పాట హక్కులిచ్చేస్తాను, వాళ్ళ పాట నాది. గెలిచింది న్యూయార్క్ నాటక దర్శకుడొకాయన. ఆయన ఆ పాటని నెట్‌లో పెట్టలేదు, అమ్మలేదు. వినాలనుకున్నవాళ్ళని ఇంటికి పిలిచి, కూర్చోబెట్టి వినిపించాడు! 2018 దాకా ఆ పాట బయటికి రానే లేదు. పిచ్చి అంటారా? ఏమో, ఫోనులో సగం పాట విని స్కిప్ కొట్టే నాకు అసూయగా ఉంది.

ఇంత ఉపోద్ఘాతం ఎందుకంటే, ఈ ఏడు మా ఇంట్లో కూడా ఒక ఆల్బమ్ తయారవ్వాలి. మా పెదనాన్నగారి అబ్బాయి, గుంటూరులో ఉంటాడు, స్టూడియో బుక్ చేసి ట్రాక్ సింగర్‌తో పాడిద్దామంటాడు. నేను మా నాయనమ్మ పాడాలంటాను. ఆవిడకి ఎనభై నాలుగు. ఆంధ్ర క్రైస్తవ కీర్తనల్లో పురుషోత్తమ చౌదరి గారివి ఓ ఇరవై దాకా పుస్తకం చూడకుండా పాడుతుంది. మా ఇంట్లో ఉన్న పుస్తకంలో రాగం పేరు, తాళం పేరు ఉంటాయి గానీ స్వరాలుండవు. అంటే నాయనమ్మ వాళ్ళ ఊరి చర్చిలో పాడిన బాణీ ఇప్పుడు ఆవిడ గొంతులో తప్ప ఎక్కడా లేదు. రెండో చరణానికి ఊపిరి అందడం లేదు ఈమధ్య. వచ్చే డిసెంబరుకి చూద్దాంలే అనే ధైర్యం నాకు లేదు.

"ఒరేయ్ తమ్ముడూ, శ్రుతి తప్పుతోందిరా, ఎవరు వింటారు?" అన్నాడు అన్నయ్య. ముప్పై మంది వింటారు, లెక్కేసి చెప్పాను. శ్రుతి శుద్ధంగా ఉండే గొంతే కావాలంటే ఇప్పుడు రెండు లైన్లు టైపు చేస్తే కంప్యూటరే నిమిషంలో పాట చేసిస్తోంది, ఇక స్టూడియోకి మాత్రం డబ్బెందుకు? రెండో చరణంలో ఊపిరి కోసం ఆగిన ఆ గొంతు ఎనభై ఏళ్ళు ఈ మాటల్నే పట్టుకుని బతికింది. మధ్యలో తాతయ్య పోయాడు, పొలం పోయింది. దాన్ని శ్రుతి దిద్దే సాఫ్ట్‌వేర్‌లో వేసి నున్నగా చేస్తే మిగిలేదేంటి?

పని కూడా పెద్దదేం కాదు. ఒక మంచి యూఎస్‌బీ మైకు, ఉచితంగా దొరికే ఆడాసిటీ. ఫ్యాను ఆపాలి, ఫ్రిజ్ ఆపాలి, కిటికీలకి బొంతలు కట్టాలి. నాయనమ్మకి హెడ్‌ఫోన్లు పెట్టి మెట్రోనోమ్ వినిపిస్తే జడుసుకుంటుంది కాబట్టి ఆవిడ లయలో ఆవిడని పాడనిచ్చి, హార్మోనియం తర్వాత కలుపుతాను. కాపీరైట్ తలనొప్పీ లేదు: మన దేశంలో రచయిత పోయాక 60 ఏళ్ళ వరకే ఉంటుంది, చౌదరి గారు 1890లోనే పోయారు.

అన్నయ్య చివరికి ఒప్పుకున్నాడు గానీ ఒక షరతు పెట్టాడు. మూడో పాట తను పాడతాడట. తన గొంతు సంగతి మా చర్చి మొత్తానికీ తెలుసు. సరేనన్నాను :)