ఇంటి లెక్కలు: సస్పెన్సు ఖాతాలో దురద

తెలుగులో “గజ్జికుక్క” అన్నా, తమిళంలో “సొరినాయి” అన్నా తిట్టే. ఆ తిట్టు తిన్న మనిషి ఒక పూట బాధపడి మరిచిపోతాడు. నష్టపోయేది కుక్కే. అది గోక్కుంటూ కనబడగానే మనం గజ్జి అని పేరు పెట్టేస్తాం. పేరు పెట్టాక ఇక కారణం వెదకం. పోయిన ఏడు మా ఇంట్లో సరిగ్గా ఇదే జరిగింది. కుక్కలను పెంచే కుటుంబాలు మనలో చాలానే ఉన్నాయి కనుక, ఈసారి వడ్డీల సంగతి పక్కన పెట్టి ఆ కథ చెబుతాను.

మా మణి చిప్పిప్పారై జాతి ఆడకుక్క. రాజపాళయం కుక్క బొమ్మతో 2005లో తపాలాబిళ్ళ వచ్చింది గనుక దాని పేరు లోకానికి తెలుసు. చిప్పిప్పారై కూడా మన కరిసల్ సీమదే. కుందేళ్ళను తరమడానికి పెంచిన సన్న నడుము జాతి. పొట్టి వెంట్రుక, పలుచని చర్మం. నాలుగేళ్ళపాటు మణి ఒక్క రోజు జబ్బుపడి ఎరగదు. ఐప్పసి వానలు పట్టిన తరువాత మొదలైంది గోకుడు. నడుము మీద, తోక మొదట్లో పళ్ళతో కొరుక్కునేది. నెల తిరిగేసరికి అక్కడ వెంట్రుకలు రాలి చర్మం ఎర్రబడింది. రాత్రిళ్ళు మెడపట్టీ గలగలలతో ఇంటిల్లిపాదికీ నిద్ర లేదు.

సలహాలకు కొదవేమిటి? అమ్మ వేపాకు, పసుపు నూరి పూయమంది. ఎదురింటాయన బండిలోంచి తీసిన పాత ఇంజనాయిలు రాయమన్నాడు. మా ఆవిడ అడ్డుపడకపోతే ఆ పనీ చేసేవాడినే. కుక్క ఒళ్ళు నాక్కుంటుంది, ఆ నూనె కడుపులోకి పోతుంది, అది విషం అని తరువాత తెలిసింది. ఒక చోట సూది వేయించాను. మూడో రోజుకల్లా గోకుడు మాయం! ఎంత సంతోషించామో. మూడు వారాలకు మళ్ళీ మొదలు. మళ్ళీ సూది, మళ్ళీ మూడు వారాలు. మూడోసారికి మణి కుండెడు నీళ్ళు తాగి హాల్లోనే మూత్రం పోయడం మొదలుపెట్టింది. అమ్మకు ఎనభై దాటింది. తడి మీద కాలు జారితే ఏమవుతుంది? “ఏరా, దాన్ని తోటలో వదిలేసి రా. ఇంక నావల్ల కాదు” అంది. ఆదివారం తీసుకుపోదామని నిశ్చయించాం కూడా.

శుక్రవారం రాత్రి కోయంబత్తూరు నుంచి మా అమ్మాయి వచ్చింది. సంగతంతా విని ఒకటే అడిగింది. “నైనా, బ్యాంకులో లెక్క టాలీ కాకపోతే మీరేం చేస్తారు? పుస్తకాన్ని తీసుకుపోయి తోటలో పారేస్తారా?”

ఆ మాట గుచ్చుకుంది. నేను ఉద్యోగంలో చేరిన రోజుల్లో అన్నీ చేతి లెడ్జర్లే. సాయంత్రానికి తేడా దొరక్కపోతే దాన్ని సస్పెన్సు ఖాతాలో వేసి పుస్తకం మూసేవాళ్ళం. పైకి లెక్క సరిపోయినట్టే ఉంటుంది. తేడా మాత్రం ఎక్కడిదక్కడే ఉంటుంది. మణికి మూడుసార్లు వేయించిన సూది అటువంటిదే. అది స్టిరాయిడ్ మందు. దురదను అణచిపెడుతుంది, కారణాన్ని ముట్టుకోదు. దాహం, మూత్రం ఎక్కువవడం ఆ మందు వల్ల వచ్చేవే. అంటే కుక్కను ఏ తప్పుకు ఇంట్లోంచి వెళ్ళగొట్టబోయామో, ఆ తప్పు మేము వేయించిన సూదిది! అవసరమైన చోట అది మంచి మందే. అయితే కారణం వెదకకుండా దాన్నే పదేపదే వేయిస్తే రోగమొకటి, మందొకటి అవుతుంది.

శనివారం మరొక పశువైద్యురాలి దగ్గరికి తీసుకెళ్ళాం. ఆమె సూది తీయలేదు, కాగితం తీసింది. “సార్, దురద రోగం కాదు, లక్షణం. ఎప్పుడు మొదలైంది? ఎక్కడ గోక్కుంటుంది? ఇంట్లో మనుషులకు దురద ఉందా? వేరే జంతువులున్నాయా? ఏం తింటుంది?” అని వరసగా అడిగింది.

ఎక్కడ గోక్కుంటుందో ఎందుకు అడిగిందో తరువాత వివరించింది. నడుము, తోక మొదలు అయితే మొదటి అనుమానం తెళ్ళుపూచ్చి మీద. డాక్టర్లు ఫ్లీ అనే గెంతే పురుగు అది. చెవి అంచులు, మోచేతులు అయితే గజ్జి పురుగు. చెవి అంచును వేళ్ళతో రుద్దితే వెనక కాలు దానంతటదే గోకినట్టు ఆడుతుంది. ఆ గజ్జి ఇంట్లోవాళ్ళ చర్మానికీ తాత్కాలికంగా దురద తెస్తుంది కనుకనే మనుషుల సంగతి అడగడం. చర్మాన్ని గీకి మైక్రోస్కోపు కింద చూసినా ఈ పురుగు చాలాసార్లు దొరకదు. దొరకలేదు కాబట్టి లేదనుకోకూడదు. పాదాలు నాక్కోవడం, పదేపదే చెవులు చీముపట్టడం ఉంటే తిండి గాని, గాలిలోని ధూళి, పుప్పొడి వంటివి గాని పడడం లేదేమో చూడాలి.

“తెళ్ళుపూచ్చి మా కంటికి ఒక్కటీ కనబడలేదమ్మా” అన్నాను. ఆమె మణిని తెల్లకాగితం మీద నిలబెట్టి నడుము మీద దువ్వింది. మిరియప్పొడిలా నల్ల నలుసులు రాలాయి. తడి దూది అద్దగానే వాటి చుట్టూ ఎర్రగా మరక పాకింది. మట్టి అయితే నల్లగానే ఉండేది. ఇది పురుగు రెట్ట, అంటే అది తాగి అరిగించుకున్న రక్తం. పురుగు కనబడకపోవడానికి కారణం మణే, కొరికి మింగేస్తోంది. పడని కుక్కకు వంద పురుగులు అక్కరలేదు. నాలుగు కాట్లతో లోపలికి దిగిన ఉమ్మి చాలు, రోజుల తరబడి దురద పెట్టడానికి.

మరి ఆ పురుగు ఎక్కడినుంచి వచ్చింది? వాణిజ్యశాస్త్రం చదివినవాడికి ఇక్కడ పాత పాఠం గుర్తుకు రావాలి. ప్రతి పద్దుకూ రెండు వైపులుంటాయి. మణి ఒక వైపు మాత్రమే. కుక్కల మీద ఉండే ఫ్లీలు కూడా చాలావరకు పిల్లి ఫ్లీ అనే రకమేనట. ఆడపురుగు రోజుకు నలభై దాకా గుడ్లు పెడుతుంది. అవి కుక్క ఒంటి మీద నిలవక నేల మీదికి జారతాయి. వాటిలోంచి వచ్చే పిల్లపురుగులకు ఎండ, పొడి గాలి పడవు. చీకటి, చెమ్మ కావాలి. మన కరిసల్ ఎండలో వాకిట్లో బతకలేవు. వానాకాలంలో, నీడలో బతుకుతాయి.

మా పెరట్లో నాన్నగారి నాటి మగ్గం కొట్టు ఉంది. మగ్గం ఆగి చాలా కాలమైంది. మగ్గపు గుంటలో పాత గోనెలు వేసి ఉంచాం. మా అమ్మాయి టార్చి పట్టుకు దిగి చూస్తే ఊరపిల్లి నాలుగు పిల్లలతో పడుకుని ఉంది! మధ్యాహ్నం పూట మణి కునుకు తీసేదీ ఆ కొట్టులోనే. రెండో వైపు పద్దు దొరికింది.

తరువాతి పని వాదం లేకుండా సాగింది. మణికి నెలకొక మాత్ర. ఇప్పుడు వస్తున్న ఈ రకం మాత్రలు ఫ్లీలతోపాటు పిడుదులను, గజ్జి పురుగును కూడా చంపుతాయి. పిల్లలు కాస్త ఎదిగాక తల్లికీ పిల్లలకూ పిల్లుల మందు వేయించాం. ఇది జాగ్రత్తగా గమనించండి: కుక్కల కోసం అమ్మే పెర్మెత్రిన్ మందు పిల్లికి తగిలితే ప్రాణం పోతుంది. గోనెలు పారేశాం, గుంట ఊడ్చి ఆరబెట్టాం, పడక గుడ్డలు వేడినీళ్ళలో ఉతికాం. గూటిలో ఉన్న పురుగు నెలల తరబడి కాచుకుని ఉండగలదు. అందుకే నెల కాగానే తగ్గిందని ఆపవద్దని, కనీసం మూడు నెలలు కొనసాగించమని డాక్టరమ్మ గట్టిగా చెప్పింది.

ఇలా చేసినా దురద తగ్గకపోతే? వరస ఉంది. ముందు పురుగులు. తరువాత చర్మం మీద చేరిన బాక్టీరియా, ఈస్టు. ఆ తరువాత తిండి. తిండి పరీక్ష అంటే కంపెనీ డబ్బా మార్చడం కాదు. కుక్క ఇంతవరకు తినని ఆహారాన్ని డాక్టరు చెప్పిన ప్రకారం ఎనిమిది వారాలు, అదొక్కటే పెట్టాలి. తగ్గితే పాత తిండి మళ్ళీ పెట్టి చూడాలి. దురద తిరిగి వస్తేనే రుజువు. మధ్యలో అవ్వ చాటుగా ఒక బిస్కెట్టు పెట్టినా లెక్క మొదటికి వస్తుంది. అన్నీ తేలాక మిగిలేది గాలిలోనిది. దానికి జన్మంతా మందు కావచ్చు, కాని అదీ అదుపులో ఉండేదే. ఒకేసారి నాలుగు మార్పులు చేయకండి. ఏది పనిచేసిందో తెలియదు.

ఆరు వారాలకు మణి నడుము మీద నూగు వెంట్రుకలు వచ్చాయి. ఒక రాత్రి అమ్మ చీకట్లోంచి పిలిచింది. “ఏరా, చప్పుడే లేదు. కుక్క ఉందా, తోటలో వదిలేశావా?” లైటు వేసి చూశాను. మణి ఆమె మంచం కిందే పడుకుని ఉంది.

మీ ఇంట్లో కుక్క గోక్కుంటూ ఉంటే, కోప్పడే ముందు ఒక తెల్లకాగితం, కాస్త తడి దూది తీసుకోండి. ఆ కాగితం పట్టుకుని డాక్టరు దగ్గరికి వెళ్ళండి. వచ్చే సంచికలో మళ్ళీ వడ్డీల సంగతి చూద్దాం.