అదును తప్పిన వాన... లెక్కల్లో మాత్రం సాధారణం!
* సీమ సేద్యానికి మిల్లీమీటర్ల కన్నా పదునే ప్రాణం
* ఎర్ర నేలకో లెక్క.. నల్లరేగడికో లెక్క

కర్నూలు, కడప: ఏటా వానాకాలం ముగిశాక వర్షపాతం పట్టిక వెలువడుతుంది. సాధారణం ఇంత, కురిసింది ఇంత, వ్యత్యాసం ఇంత శాతం అని మండలాల వారీగా అంకెలు అందులో ఉంటాయి. వ్యత్యాసం స్వల్పంగా ఉంటే ఆ ఏడాది గట్టెక్కినట్టేనని లెక్క. రైతు ఇంట్లో పరిస్థితి అందుకు పూర్తి భిన్నంగా ఉండవచ్చు. పట్టికలో వాన సాధారణంగానే ఉన్నా చేనులో పంట ఉండదు. వాన ఎంత కురిసిందన్నదే పట్టిక చెబుతుంది. ఎప్పుడు కురిసింది, మధ్యలో ఎన్నాళ్లు మొహం చాటేసింది, ఏ నేల మీద పడిందన్నవి అందులో కనిపించవు. సీమలో పంట భవితవ్యాన్ని తేల్చేవి ఆ మూడే.

రెండు రుతుపవనాలకూ దూరమే

దీర్ఘకాలిక సగటు ప్రకారం ఉమ్మడి కర్నూలు జిల్లా వార్షిక వర్షపాతం సుమారు 670 మిల్లీమీటర్లు. ఉమ్మడి కడప జిల్లాలో ఇది సుమారు 700 మిల్లీమీటర్లు. అరేబియా సముద్రం నుంచి వచ్చే నైరుతి మేఘాలు పడమటి కనుమలను దాటేసరికే తేమను చాలావరకు కోల్పోతాయి. కనుమలకు ఇవతల ఉన్న రాయలసీమ వర్షచ్ఛాయలో పడింది. ఇక ఈశాన్య రుతుపవనాల ప్రతాపం ప్రధానంగా కోస్తాపైనే. బంగాళాఖాతంలో వాయుగుండం ఏర్పడి పడమటి దిక్కుగా కదిలితేనే సీమకు ఆ వాన అందుతుంది.

రెండు జిల్లాల మధ్య కూడా తేడా ఉంది. కర్నూలులో ఏడాది వానలో దాదాపు మూడింట రెండొంతులు జూన్-సెప్టెంబరు మధ్య కురుస్తుంది. కడపలో నైరుతి వాటా సగానికి కాస్త ఎక్కువ, ఈశాన్యం వాటా మూడో వంతుకు పైమాటే. అందుకే కర్నూలు రైతు మృగశిర కార్తె నుంచి ఆకాశం వైపు చూస్తుంటే, కడప రైతుకు చిత్త, స్వాతి కార్తెలు కూడా అంతే కీలకం.

నేలను బట్టే నీటి నిల్వ

ఎకరం విస్తీర్ణంలో ఒక్క మిల్లీమీటరు వాన కురిస్తే సుమారు 4 వేల లీటర్ల నీరు పడినట్టు. అందులో పైరుకు దక్కేదెంత అన్నది నేల స్వభావాన్ని బట్టి ఉంటుంది. పత్తికొండ, డోన్, రాయచోటి ప్రాంతాల్లోని ఎర్ర నేలలు లోతు తక్కువ. నీటిని త్వరగా పీల్చుకుంటాయి, అంతే త్వరగా ఆరిపోతాయి. రెండు వారాలు బెట్ట తగిలితే పైరు వాడిపోతుంది. ఇక్కడ వారం పది రోజులకోసారి పడే చిన్న వానలే మేలు. ఒక్క రోజులో 100 మిల్లీమీటర్లు కురిస్తే చాలా నీరు వాలున వంకల పాలవుతుంది, పైమట్టినీ వెంట తీసుకుపోతుంది.

నంద్యాల, కోవెలకుంట్ల, జమ్మలమడుగు, కమలాపురం ప్రాంతాల నల్లరేగడి తీరు వేరు. ఒకసారి లోతుగా నానితే నెలల తరబడి తేమను పట్టి ఉంచుతుంది. అందుకే చాలా గ్రామాల్లో రేగడి చేలను ముంగారిలో దున్ని వదిలేసి, ఆగస్టు, సెప్టెంబరు వానలను నేలకు తాపి, హింగారిలో జొన్న, శనగ, ధనియాలు వేసే ఆచారం ఉంది. అంటే జులైలో వాన రాకపోతే ఎర్ర నేల రైతు నష్టపోతాడు. సెప్టెంబరులో రాకపోతే రేగడి రైతు నష్టపోతాడు. జిల్లా సగటు ఒక్కటే అయినా నష్టపోయేవారు వేర్వేరు.

ఊడలు దిగే వేళ బెట్ట

ఎర్ర నేలల్లో వేరుశనగ ప్రధాన పంట. జులైలో పదును చూసి విత్తుతారు. విత్తిన నెల లోపు పూత, 40-45 రోజులకు ఊడలు నేలలోకి దిగడం, ఆపై కాయ ఊరడం జరుగుతాయి. నేల గట్టిపడితే ఊడ లోపలికి దిగలేదు. దిగని ఊడకు కాయ ఉండదు. జులై మొదటి పక్షంలో విత్తిన చేనులో ఈ దశ సరిగ్గా ఆగస్టు రెండో పక్షంలో, అంటే మఖ కార్తెలో వస్తుంది. ఆ పక్షం రోజులు వాన లేకపోతే సెప్టెంబరులో ఎంత కురిసినా తీగ పచ్చబడుతుందే గానీ కాయ నిండదు. విత్తనానికే ఎకరాకు సుమారు 60 కిలోల గింజలు కావాలి. తొలి విత్తు ఎండిపోతే రెండోసారి విత్తే స్తోమత చిన్న రైతుకు ఉండదు.

2023లో జరిగింది ఇదే. ఆ ఏడాది ఆగస్టు దేశవ్యాప్తంగా 1901 తర్వాత అత్యంత పొడి ఆగస్టుగా నమోదైంది. అక్టోబరు ముగిసే వేళకు రాష్ట్ర ప్రభుత్వం 103 మండలాలను కరవు మండలాలుగా ప్రకటించింది. కర్నూలు జిల్లా మండలాలూ ఆ జాబితాలో ఉన్నాయి. అప్పటికే వేరుశనగ చేలల్లో జరగవలసిన నష్టం జరిగిపోయింది.

ఒకే ఏడు కరవు, వరద

సగటు ఎంతగా మభ్యపెడుతుందో చెప్పడానికి 2009 చాలు. ఆ ఏడాది నైరుతిలో దేశవ్యాప్తంగా 22 శాతం లోటు వర్షపాతం నమోదైంది. సెప్టెంబరు చివరి రోజుల్లో వానలు విరుచుకుపడ్డాయి. అక్టోబరు 2న తుంగభద్ర, హంద్రీ పొంగి కర్నూలు నగరం మునిగింది. శ్రీశైలం జలాశయానికి 25 లక్షల క్యూసెక్కులకు పైగా వరద పోటెత్తింది. ఎండిన నెలలనూ, మునిగిన రోజులనూ కలిపి భాగిస్తే అంకెల్లో కరవూ కనిపించదు, వరదా కనిపించదు.

2021లో కడప జిల్లాది మరో అనుభవం. నవంబరు 19న చెయ్యేరుపై అన్నమయ్య జలాశయం కట్ట తెగి రాజంపేట ప్రాంత గ్రామాలు కొట్టుకుపోయాయి. అదే వానలకు రేగడి పొలాల్లో అప్పుడే మొలకెత్తిన శనగ నీట కుళ్లింది. పట్టికలో ఆ ఏడాది అధిక వర్షపాతం, రైతు ఖాతాలో మాత్రం నష్టం.

కాలువ ఉన్నచోటా నేలదే తీర్పు

సీమ కరవుకు కాలువలే మందు అన్న మాట పాతదే. మద్రాస్ ఇరిగేషన్ అండ్ కెనాల్ కంపెనీ 1863లో పనులు మొదలుపెట్టి 1871 నాటికి కర్నూలు-కడప కాలువను పూర్తి చేసింది. అయితే రేగడి రైతులు ఆ నీటిని కొనడానికి ముందుకు రాలేదు. నేలలోని తేమతోనే జొన్న, పత్తి పండుతుంటే నీటి తీరువా ఎందుకన్నది వారి ప్రశ్న. కంపెనీ నష్టాల పాలై 1882లో కాలువ ప్రభుత్వం చేతికి వచ్చింది. ఈ మధ్యలోనే 1876-78 నాటి ధాత కరవు విరుచుకుపడింది. కర్నూలు జిల్లా జనాభా భారీగా తగ్గినట్టు 1881 జనాభా లెక్కలు చాటాయి. ఏ నేలకు ఏ నీరు, ఎప్పుడు అన్న లెక్క లేకుండా కాలువ ఒక్కటే గట్టెక్కించలేదని ఆనాడే తేలింది.

తర్వాతి కాలంలో కేసీ కాలువ కింద వరి విస్తరించింది. తెలుగుగంగ, ఎస్సార్బీసీ, గాలేరు-నగరి, హంద్రీ-నీవా పథకాలు వచ్చాయి. అయినా పడమటి కర్నూలులోని ఆలూరు, పత్తికొండ, కోసిగి ప్రాంతాల్లో అత్యధిక పొలాలకు వానే దిక్కు. పంట పోయిన ఏడాది అక్కడి కుటుంబాలు పిల్లాజెల్లాతో గుంటూరు ప్రాంతానికి మిరప, పత్తి కోతలకు సుగ్గి పోతాయి. పిల్లల చదువు కూడా ఆ వలసతో ఆగిపోతుంది.

రైతు మారాడు.. లెక్క మారాలి

రైతు చేతులు ముడుచుకుని కూర్చోలేదు. తక్కువ కాలపు జేజీ-11 శనగ 1999లో విడుదలయ్యాక రేగడి నేలల్లో విస్తారంగా వ్యాపించింది. యంత్రంతో కోయడానికి వీలైన ఎన్‌బీఈజీ-47 రకాన్ని నంద్యాల పరిశోధన స్థానం రూపొందించింది. ఎర్ర నేలల్లో కొర్రలోనో, వేరుశనగలోనో కంది సాళ్లు వేసే పద్ధతి పెద్దల నాటిది. ఒకటి పోయినా లోతు వేళ్ల కంది చివరి వానతో నిలుస్తుంది. కంది సాళ్లు తగ్గి వేరుశనగ ఒక్కటే మిగిలిన చేలల్లో ఆ ధీమా పోయింది.

కేంద్రం 2016లో తెచ్చిన కరవు నిర్వహణ మాన్యువల్ వర్షపాత లోటుతో పాటు వరుసగా మూడు నాలుగు వారాల బెట్టనూ, నేల తేమనూ, విత్తిన విస్తీర్ణాన్నీ పరిగణించాలంటోంది. కాగితంపై కొలమానం సరైనదే. చిక్కంతా కాలంతోనే. ఖరీఫ్ కరవు ప్రకటనకు అక్టోబరు నెలాఖరు గడువు. అప్పటికి వేరుశనగ పీకే వేళ దాటిపోతుంది. తర్వాత వచ్చే పరిహారం అప్పు వడ్డీకే సరిపోతుంది.

కావలసింది ఆగస్టులోనే కదలిక. బెట్ట రెండు వారాలు దాటగానే మండలం వారీగా ప్రకటన వెలువడాలి. ఎర్ర నేలలను, రేగడిని వేరుగా లెక్కించాలి. ఉలవ, పెసర, జొన్న వంటి ప్రత్యామ్నాయ విత్తనాలు ఆగస్టు మూడో వారానికల్లా రైతు భరోసా కేంద్రాలుగా మొదలై నేడు రైతు సేవా కేంద్రాలుగా పనిచేస్తున్న చోట సిద్ధంగా ఉండాలి. ఎర్ర నేలల్లో ఒక తడికైనా అక్కరకొచ్చేలా పంట కుంటలు తొలకరికి ముందే తవ్వాలి. వాన మన చేతిలో లేదు. పడిన వానను పదునుగా నిలుపుకోవడం, పదును పోయిన రోజునే గుర్తించడం మాత్రం యంత్రాంగం చేతిలో పనే. ఆ పని అదునులో జరగకపోతే వచ్చే ఏడాది పట్టికలోనూ వాన సాధారణమే అవుతుంది, సుగ్గి బండ్లూ బయలుదేరతాయి.